నత్తల మందు

జూలై 1, మంగళవారం

శైలజ భూపాలపల్లి వెళ్లి నాలుగు రోజులైంది. మా అమ్మాయి లతకు తొమ్మిదో నెల. రెండో కాన్పు, అల్లుడికి గనిలో షిఫ్టులు, ఇంట్లో చూసేవాళ్లు లేరు. తల్లి వెళ్లక తప్పదు. రెండు నెలలన్నా పడుతుందట.

బస్సెక్కే ముందు నాకు మూడు పనులు అప్పగించింది. గ్యాసు కట్టేయడం, బీపీ గోలీ మరిచిపోకపోవడం, పెరటి తోట. మొదటి రెండూ మామూలుగానే చెప్పింది. మూడోది చెప్పేటప్పుడు మాత్రం నా ముఖం వైపు అదోలా చూసింది. ముప్పై ఒక్క ఏళ్లు వ్యవసాయ శాఖలో చేసి రిటైరైనవాణ్ని. ఈ రఘునాథపల్లి చుట్టుపక్కల పత్తికైనా వరికైనా ధర్మేందర్ సారును అడగకుండా మందు కొట్టినవాళ్లు తక్కువ. అలాంటివాడు నాలుగు మడుల కూరగాయలు చూసుకోగలడా అని మా ఇంటావిడకు అనుమానం.

ఉద్యోగంలో ఉన్నప్పుడు రోజూ టూర్ డైరీ రాసేవాణ్ని, పై అధికారి చూసి సంతకం పెట్టేవాడు. ఇప్పుడు చూసేవాడు లేడు, అయినా చెయ్యి ఊరుకోదు. ఎరువుల షాపువాడు ఇచ్చిన డైరీ ఖాళీగా పడి ఉంది, ఇందులో రాస్తాను.

పంట పరిస్థితి: చిక్కుడు తీగ పందిరి గుంజను పట్టుకుంది. పాలకూర జానెడు. బెండ మూడాకులు. బతుకమ్మ కోసమని శైలజ పోసిన బంతి నారు ఏపుగా ఉంది. వాన మోస్తరు.

జూలై 4, శుక్రవారం

పాలకూర నిండా చిల్లులు. గొంగళి పురుగనుకుని ఆకు ఆకూ తిరగేసి చూశాను, ఒక్కటి దొరకలేదు. నేల మీద, కుండీల అంచున తళతళమని ఎండిన జిగురు చారలున్నాయి.

జూలై 5, శనివారం

నత్తలు.

జూలై 6, ఆదివారం

తెల్లవారుజామున గొడుగేసుకుని పోయి చూశాను. గుల్ల ఉన్నవి, గుల్ల లేనివి, రెండు రకాలూ ఉన్నాయి. గుల్ల లేనివి బూడిద రంగులో వేలెడేసి, బంతి మొక్కల మొదళ్లను పట్టుకుని ఉన్నాయి. ఇరవై బంతి మొక్కలకు తొమ్మిది మిగిలాయి. వానాకాలం ముందు ఒక ట్రాలీ పశువుల పెంట తెప్పించాను, అందులో గుడ్లు వచ్చి ఉంటాయి. అంత పెంట ఎందుకని శైలజ అప్పుడే అన్నది. ఆ మాట ఇక్కడ రాయాల్సిన అవసరం లేదు.

గోడ అవతలి నుంచి యాకమ్మ చూసింది. పక్కింటామె, నాట్లకు, కలుపులకు కూలికి పోతుంది. మా రెండిళ్ల నడుమ గోడకు పోయినేడు ఒక మూల రాళ్లు జారి సందు పడింది. ఆమె కోళ్లు ఐదూ ఆ సందులోంచే మా పెరట్లోకి వస్తాయి. శైలజ వాటికి నూకలు వేసి అలవాటు చేసింది.

యాకమ్మ చెప్పిన ఉపాయం: పాత గోనెసంచి తడిపి రాత్రి మడి పక్కన పరిచిపెడితే, తెల్లారేసరికి నత్తలన్నీ చల్లదనానికి దాని కిందికి చేరతాయి, ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వేసుకోవచ్చు. ఆమె తల్లి అలాగే చేసేదట. సరే చూద్దామన్నాను. చూడను. నత్తలను ఒక్కొక్కటీ చేత్తో ఏరుకుంటూ కూర్చుంటే ఊళ్లో నా పరువేం కావాలి.

యాకమ్మకు నేనంటే గురి. ఇరవై ఏళ్ల కింద ఆమె పెనిమిటి సోమయ్య పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోతే, స్కూటర్ మీద నా వీపుకు తువ్వాలతో కట్టుకుని జనగామ దవాఖానకు తీసుకుపోయాను. మందు డబ్బా జేబులో వేసుకుపోయాను కాబట్టి దేనికి వైద్యం చేయాలో డాక్టరుకు వెంటనే తెలిసింది. సోమయ్య ఆ తర్వాత పద్నాలుగేళ్లు బతికాడు. ఇప్పటికీ ఆమె కొత్తవాళ్లెవరొచ్చినా ఆ డబ్బా ముచ్చట చెబుతుంది. నేను గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందని పక్కకు జరుగుతాను గానీ, వినబడేంత దూరంలోనే ఉంటాను.

జూలై 9, బుధవారం

మడుల చుట్టూ ఉప్పు గీత గీశాను. సాయంత్రం కుండపోత. ఉప్పు నీళ్లు మడిలోకే పారి కొత్తిమీర మాడిపోయింది. నత్తలు క్షేమం.

జూలై 11, శుక్రవారం

శైలజ ఫోన్. చిక్కుడు పూతకొచ్చిందా అని అడిగింది. పందిరెక్కిందన్నాను. ఫొటో పెట్టమంది. ఇప్పుడు వాన పడుతోంది, రేపు పెడతానన్నాను.

వాన పడటం లేదు.

జూలై 12, శనివారం

ఫోన్లో పోయినేటి ఫొటో ఒకటి దొరికింది, చిక్కుడు నిండుగా కాసింది. అదే పెట్టాను. తోట మళ్లీ అలాగే అవుతుంది కదా. నెల రోజులు ముందు పంపినట్టు అనుకోవాలి, అంతే. శైలజ "మంచిగున్నది" అని రాసింది. అంతకుమించి ఒక్క మాట రాయలేదు.

జూలై 14, సోమవారం

చిక్కుడు తీగను మొదట్లో కొరికేశాయి. పైనంతా వాడిపోయి వేలాడుతోంది. ఇంత కోపం నాకు ఉద్యోగంలో కూడా రాలేదు.

జూలై 17, గురువారం

షాపులో నత్తల మందు గుళికలు తెచ్చాను. ఊరికే చల్లితే లాభం లేదు, మా పద్ధతి మాకుంది. తవుడులో బెల్లం పాకం పోసి, గుళికలు నలిపి కలిపి, చిన్న ఉండలు చేసి మొక్కల మొదళ్లలో పెట్టాలి. బెల్లం వాసనకు ఎక్కడెక్కడివీ వస్తాయి. లింగాల ఘనపూర్ నుంచి ఇటు రఘునాథపల్లి దాకా ఎన్ని రైతు సమావేశాల్లో ఈ ఎర తయారీ చేసి చూపించానో లెక్కలేదు. చేతికి ప్లాస్టిక్ కవర్ కట్టుకుని ముప్పై రెండు ఉండలు చేశాను. సాయంత్రం ఆరింటికి పెట్టడం పూర్తయింది.

ఎర పెట్టే రైతుకు నేను చెప్పే చివరి మాట ఒకటి ఉండేది. కోళ్లనూ కుక్కలనూ కట్టేసుకోండి, ఇరుగుపొరుగు వాళ్లకు ముందే చెప్పండి అని. యాకమ్మకు చెబుదామనే గోడ దాకా పోయాను. చెబితే గోనెసంచి ఏమైంది సారూ అని అడుగుతుంది. ఎలాగూ చీకటి పడుతోంది, కోళ్లు గంప కిందికి పోయే వేళ. పొద్దున అవి లేచేలోగా నేనే లేచి మిగిలినవి ఏరేస్తాను.

జూలై 18, శుక్రవారం

ఏడున్నరకు మెలకువ వచ్చింది. బీపీ గోలీ వేసుకుంటే నిద్ర అలాగే ముంచుకొస్తుంది.

చచ్చిన నత్తలు 212. మొత్తం లెక్కపెట్టాను. మిగిలిన ఉండలు ఆరు. కొన్ని నత్తలు తినేసి ఉంటాయి, కొన్ని తేమకు కరిగి ఉంటాయి.

అదే రోజు, మధ్యాహ్నం

యాకమ్మ కోళ్లు రెండు చచ్చిపోయాయి. ఒకటి మా చిక్కుడు పందిరి కింద, ఒకటి వాళ్ల వాకిట్లో. రెండింటినీ కాళ్లు పట్టుకుని గోడ దగ్గరికి తెచ్చి చూపించింది. పెద్దగా బాధ కనబడనీయలేదు. కొక్కెర తెగులుకు సూది వేయించమని పశువుల దవాఖాన వాళ్లు వచ్చిననాడు తాను నాటుకు పోయిందట, తన తప్పేనంటోంది.

"సారూ, గిది కొక్కెరనేనా?" అని అడిగింది.

ఒకదానికి మెడ కొంచెం వంకర తిరిగి ఉంది. కొక్కెరకు మెడ వంకర పోతుంది. ఈ వానలకు కొక్కెర రావడం మామూలే.

అవునన్నాను.

చచ్చినవాటిని తినొద్దు, లోతుగా పాతిపెట్టు అని కూడా చెప్పాను. అది చెప్పాను. ఆమె పాతిపెట్టేదాకా గోడ దగ్గరే నిలబడి చూశాను. మిగిలిన ఆరు ఉండలూ తీసేశాను.

జూలై 19, శనివారం

మూడోది కూడా పోయింది. పుంజు.

కొక్కెర అయితే ఒక ఇంట్లో మొదలై అన్నింటికీ అంటుకుంటుంది. ఇదీ అలాగే ఒకదాని తర్వాత ఒకటి పోతున్నాయి. కాబట్టి కొక్కెర కాదనడానికి వీల్లేదు. నేను పశువైద్యుణ్ని కూడా కాదు. చచ్చినవాటిని తినొద్దని చెప్పాను.

యాకమ్మ మిగిలిన రెండింటినీ చూపించింది. ఎర్రపెట్ట బాగానే తిరుగుతోంది. నల్లది అసలు బయటికే రాలేదట, గురువారం నుంచి గంప కిందే కట్టేసి ఉంచింది, మొన్నొకనాడు పక్కవాళ్ల నారుమడి గీరిందని. గంప కింద ఉన్నది బతికే ఉంది. ఇది రాస్తుంటే నాకే చదవబుద్ధి కావడం లేదు.

చెప్పినా ఇప్పుడు చేసేదేముంది, చచ్చినవి చచ్చాయి.

చచ్చినవాటిని తినొద్దని చెప్పాను.

జూలై 20, ఆదివారం

జనగామ దవాఖాన. పిల్ల పడుకుంది. రాయలేను.

జూలై 21, సోమవారం

కీర్తనకు ఏమీ కాలేదు. పొద్దున పదింటికి ఇంటికి పంపించారు. ముందుగా ఇది రాసి పెట్టుకోవాలి. కీర్తనకు ఏమీ కాలేదు.

ఇప్పుడు నిన్నటిది.

ఆదివారాలు యాకమ్మ కొడుకు రాకేష్ కేసముద్రం నుంచి వస్తాడు. అక్కడ మార్కెట్ యార్డులో హమాలీ. అందరూ చర్చికి పోయి వచ్చి, మధ్యాహ్నం కలిసి అన్నం తింటారు. నేను ఒంటిగంటకు పప్పులో పోపు వేసుకుంటుంటే ఆమె కోడలు వనజ స్టీలు గిన్నె తెచ్చి గోడ మీద పెట్టింది. ఒక్కరే ఉన్నారని అత్తమ్మ ఇమ్మన్నదట. కోడి కూర. వేడిగా ఉంది. మూత తీస్తే ధనియాల వాసన వచ్చింది.

ఏ కోడి అని అడిగాను. ఎర్రదని చెప్పింది. పొద్దున్నుంచి తూగుతుంటే యాకమ్మ కోసిందట. చచ్చేదాకా ఆగితే మట్టిలో పెట్టుడే కదా అనుకున్నారట. సారు చచ్చినవే తినొద్దన్నాడు, ఇది చావలేదు.

అలా తూగే కోడిని కోసుకోవడం ఈ ఊళ్లో అందరూ చేసేదే. నాకు తెలియనిది కాదు. మా అమ్మ కూడా చేసేది. కొక్కెర కోడిని బాగా ఉడకబెడితే మనుషులకు ఏమీ కాదని రైతు సమావేశంలో మైకు పట్టుకుని చెప్పింది కూడా నేనే. కొక్కెర అని నేను అనకుండా ఉంటే ఆమె ఆ కోడిని ముట్టేది కాదు.

గోడ సందులోంచి ఎలా దూరానో గుర్తులేదు. చొక్కా చిరిగింది, కాలికి చెప్పులు లేవు. రాకేష్ ముద్ద కలిపి ఎత్తుతున్నాడు. వాడి చేతి మీద కొట్టాను. కంచం లాగేశాను. వాడు నవ్వాడు, సారు పరాచికమాడుతున్నాడనుకున్నాడు. పొయ్యి మీది గిన్నె పట్టుకుపోయి వాకిట్లో మోరీలో వంపాను. చేతులు కాలాయి, అది తర్వాత తెలిసింది.

"ఏంది సారూ" అన్నది యాకమ్మ. కోపం లేదు ఆ గొంతులో. నాకేదో అయిందని భయపడింది.

"కొక్కెర కాదు యాకమ్మా. నత్తలకని తవుడుల మందు పెట్టిన. నీ కోళ్లు తిన్నయ్."

రాకేష్ చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అప్పుడు వనజ గడప వైపు చూసింది. వాళ్ల బిడ్డ, ఆరేళ్ల కీర్తన అక్కడ కూర్చుని వేళ్లు నాకుతోంది. కోడిని కోస్తే కార్జం నిప్పుల మీద కాల్చి, ఉప్పు రాసి ముందు ఇంట్లో చిన్నపిల్లకు పెడతారు. కూర ఉడకకముందే పెట్టేశారు.

తర్వాతదంతా ఉరుకులాట. నేను ఇంట్లోకి పోయి గుళికల ప్యాకెట్ జేబులో వేసుకున్నాను. మా ఊరి టీక్యా నడిపే ఆటోలో జనగామ. దారంతా కీర్తన నా కాలిన చేతుల వైపే చూస్తూ కూర్చుంది, మంటగా ఉందా తాతా అని అడిగింది. డాక్టరు ప్యాకెట్ చూసి, ఏ రోజు పెట్టారు, కోడి ఎప్పుడు తిన్నది, పిల్ల ఎంత తిన్నదని ఒక్కొక్కటీ అడిగాడు. అంత తక్కువకు ఏమీ కాకపోవచ్చు కానీ తెల్లారేదాకా చూడాలన్నాడు. తెల్లారేదాకా పిల్ల చేతులు వణికితే చలికా మందుకా అని చూస్తూ కూర్చున్నాం.

వరండా బెంచీకి ఆ చివర యాకమ్మ, ఈ చివర నేను. ఆమె ఒక్క మాటన్నది. నా వైపు తిరగకుండానే అన్నది.

"మా ఆయనప్పుడు డబ్బా జేబుల ఏసుకొని ఉరికినరు. గిప్పుడు మూడు దినాలు దాసిపెట్టుకున్నరు."

ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటున్న ముచ్చటను ఆమె అక్కడితో ఆపేసింది.

జూలై 22, మంగళవారం

పద్దెనిమిది, పందొమ్మిది తేదీల పేజీలు చింపేద్దామని డైరీ తెరిచాను. చింపలేదు.

జూలై 23, బుధవారం

లతకు పాప. తల్లీ పిల్లా బాగున్నారు. అల్లుడు ఫోన్ చేశాడు.

మిఠాయి డబ్బా తెచ్చాను. మా లత పుట్టినప్పుడు మొదటి లడ్డూ సోమయ్యకు ఇచ్చాను, లత కొడుకు పుట్టినప్పుడు యాకమ్మకు ఇచ్చాను. ఈ రోజు డబ్బా పట్టుకుని వాళ్ల వాకిలి ముందు నిలబడ్డాను. తలుపు తీసే ఉంది, లోపల చాటలో బియ్యం చెరిగే చప్పుడు వినబడుతోంది. గోడ మీద పెట్టి వచ్చాను. సాయంత్రానికి చీమలు పట్టాయి.

జూలై 24, గురువారం

శైలజకు ఫోన్లో అంతా చెప్పాను. తోట పోయిందని ముందు చెప్పాను, అది తేలిక కాబట్టి.

తెలుసన్నది. నేను పంపిన ఫొటోలో దండెం మీద ఆమె పచ్చచీర ఆరేసి ఉందట. ఆ చీర ఈ నెల మొదటి నుంచీ భూపాలపల్లిలో ఆమె దగ్గరే ఉంది. తోటకు ఏదో అయిందని అప్పుడే అర్థమైంది, ఎప్పుడు చెబుతానో చూద్దామని ఊరుకుందట.

తర్వాత కోళ్ల సంగతి, కీర్తన సంగతి చెప్పాను. వెనక మా కొత్త మనవరాలు ఏడుస్తోంది.

"నేను నూకలేస్తెనే గద అవి మన పెరట్లకు అలవాటైంది. ఆమెకు ముఖమెట్ల సూపియ్యాలె నేను" అన్నది.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 27, ఆదివారం

రాకేష్ కేసముద్రం నుంచి వచ్చాడు. కొట్లాటకు వస్తాడనుకుని తలుపు తీసి కూర్చున్నాను. రాలేదు. గోడ సందులో ముళ్లకంప తెచ్చి కుక్కాడు. ఇటువైపు ముళ్లు గుచ్చుకోకుండా కొసలు వాళ్లవైపు తిప్పి మరీ పెట్టాడు. వాడి చిన్నప్పుడు మా అరుగు మీద కూర్చుని లెక్కలు చేసుకునేవాడు.

జూలై 28, సోమవారం

మూడు గోనెసంచులు తడిపి పరిచాను.

జూలై 29, మంగళవారం

నత్తలు 143. సంచి ఎత్తితే కింద గుంపుగా ఉన్నాయి. ఒక్కొక్కటీ చేత్తో ఏరి బకెట్లో వేశాను. గంటంబావు పట్టింది. నడుము పట్టేసింది. రోడ్డున పోయేవాళ్లు ఇద్దరు ఆగి చూశారు, ఒకడు ఏం సారూ మందు పని చేయలేదా అని అడిగాడు. పని చేసిందన్నాను.

జూలై 31, గురువారం

97.

ఆగస్టు 2, శనివారం

60. చిక్కుడు గింజలు మళ్లీ పెట్టాను. కాలం దాటింది, అయినా పెట్టాను.

యాకమ్మ గోడ పక్కనుంచే నీళ్లకు పోతుంది. తల తిప్పదు. కోళ్లకు బదులు కోళ్లు కొనిస్తానని వనజతో చెప్పి పంపాను. వద్దన్నదట. ఇచ్చేస్తే నాకు బరువు దిగుతుందని ఆమెకు తెలిసినట్టుంది.

ఆగస్టు 3, ఆదివారం

52. వాళ్లింట్లో ఈ రోజు పప్పు.

ఆగస్టు 7, గురువారం

పొద్దున సంచులు ఎత్తుతుంటే వెనక దగ్గు వినబడింది. గేటు దగ్గర యాకమ్మ. చంకలో నల్లకోడి. పద్దెనిమిది రోజుల తర్వాత మా ఇంటి ముందు నిలబడింది.

"సారూ, మూడొద్దుల సంది మేత ముడుతలేదు. కూసున్నకాడనే కూసుంటంది. ఏందో జర సూడుర్రి."

కోడిని తీసుకుని చూశాను. ఈకలు ఉబ్బించుకుని ఉంది. పొట్ట కింద వెచ్చగా ఉంది. చెయ్యి పెడితే గొరగొరమని కసిరింది. నాకు వెంటనే ఒకటి తోచింది. నోటి దాకా వచ్చింది కూడా. నేను మాట అంటే అది ఆ ఇంట్లో పొయ్యి మీదికి పోతుందని ఆగిపోయాను.

"నాకు తోచింది ఒకటున్నది గని, నా మాట మీద వద్దు యాకమ్మా. పశువుల దవాఖానకు పోదాం" అన్నాను.

ఆమె ఒక క్షణం నా ముఖంలోకి చూసింది. సరే అన్నది.

స్కూటర్ వెనక బుట్ట పెట్టుకుని ఆమె కూర్చుంది. దవాఖానలో డాక్టరు ఇంకా రాలేదు, కాంపౌండర్ కిషన్ ఉన్నాడు. కోడిని ఇటూ అటూ తిప్పి చూసి పగలబడి నవ్వాడు. పొదుగుకు వచ్చిందట. గుడ్లు పెట్టి కూర్చోబెడితే ఇరవై ఒక్క రోజుల్లో పిల్లలు చేస్తుంది. ఇంత వయసొచ్చిన ఇద్దరు, ఒకరు కోళ్లు పెంచే మనిషి, ఒకరు వ్యవసాయాధికారి, పొదుగు కోడిని దవాఖానకు తెచ్చారని పక్క గదిలోవాళ్లను పిలిచి మరీ చెప్పాడు.

నాకు తోచిందీ అదే. తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో నాకు ఇంకొకటి తోచింది. స్కూటర్ పక్కకు ఆపాను.

నీకు తెలుసు కదా యాకమ్మా అని అడిగాను. పెళ్లయి వచ్చిననాటి నుంచీ కోళ్లు పెంచుతోంది. ఈమెకు పొదుగుకొచ్చిన కోడి తెలియదా.

"ఎర్కనే" అన్నది, బుట్ట మీది గుడ్డ సర్దుకుంటూ. "మీరేమంటరో ఇందామని తెచ్చిన."

మళ్లీ స్కూటర్ స్టార్ట్ చేయడానికి నాలుగుసార్లు తన్నాల్సి వచ్చింది. కళ్లు సరిగా కనబడటం లేదు. ఇంటి దగ్గర దిగి, బుట్ట చంకన పెట్టుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా పోయింది.

ఆగస్టు 8, శుక్రవారం

ఐదున్నరకు లేచాను. నత్తలు 31.

చివరి సంచి గోడ మూలన ఉంటుంది. అది ఎత్తడానికి పోతే సందులో ముళ్లకంప లేదు. అటువైపు వాకిట్లో ఓ పక్కకు లాగేసి ఉంది. గోడ మీద మా స్టీలు గిన్నె ఒకటి పెట్టి ఉంది, ఎప్పుడో వాళ్లింటికి పోయినది, తోమి బోర్లించింది. ఖాళీదే.

గోడ దగ్గర నిలబడి యాకమ్మను పిలిచాను. ఆమె చీపురు పట్టుకుని వచ్చింది. మా పెరట్లో ఇప్పుడు ఏ మందూ లేదని, ఇక ముందు పెట్టాల్సి వస్తే పెట్టకముందే చెబుతానని అన్నాను. చెప్పాల్సిన మాట అదొక్కటే, మూడు వారాలు ఆలస్యమైంది.

ఆమె మా సంచుల వైపు చూసింది.

"ఆ సంచి ఎండిపోయింది సారూ. నీళ్లు జల్లకపోతె నత్తలెట్లొస్తయ్" అని మళ్లీ ఊడ్చుకోవడానికి పోయింది.

సంచి మీద నీళ్లు చల్లాను. ఇంట్లో నూకలున్నాయా అని చూశాను. శైలజ డబ్బాలో అడుగున ఉన్నాయి.